బ్లిట్జ్ ఓటమికి కారణం క్లాక్‌లో దొరుకుతుంది

కొద్ది నిమిషాల్లో ముగిసే బ్లిట్జ్ చెస్ ఆట ఓడిపోగానే చాలామంది ఎత్తుల్ని తూకం వేసే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని, అంటే ఇంజిన్‌ని, ఆన్ చేసి బ్లండర్ (పెద్ద తప్పు) గుర్తు ఎక్కడ పడిందో చూస్తారు. 27వ ఎత్తులో గుర్రం ఊరికే పోయింది, సరే, ఇంకో ఆట. ఇలా ఎన్ని వందల ఆటలు చూసుకున్నా రేటింగ్ అక్కడక్కడే తిరుగుతుంది. గుర్రం పోయిందని ఇంజిన్ చెబుతుంది గానీ, ఆ ఎత్తు వేసేటప్పుడు క్లాక్‌లో నిమిషం నలభై సెకన్లు ఉన్నాయా, తొమ్మిది సెకన్లే ఉన్నాయా అన్నది దానికి పట్టదు. నిమిషం నలభై చేతిలో పెట్టుకుని అర సెకనులో పోగొట్టుకున్న గుర్రం చూసే అలవాటులోని లోపం. తొమ్మిది సెకన్ల కంగారులో పోయిన గుర్రానికి కారణం అంతకు ముందు పాతిక ఎత్తుల్లో టైమ్ ఖర్చుపెట్టిన తీరు. ఈ రెండింటికీ ఒకే సాధన పనిచేయదు. అందుకే స్పీడ్ చెస్‌లో మన బలమేదో బలహీనతేదో తెలియాలంటే ఎత్తుల పక్కనున్న సెకన్లు చదవాలి.

ఆ సెకన్లు ఎక్కడికీ పోవు. ఆన్‌లైన్ చెస్ సైట్ లీచెస్‌లో ఆట అయ్యాక ఎనాలిసిస్ బోర్డు కింద ఒక్కో ఎత్తుకి ఎంతసేపు పట్టిందో గ్రాఫ్ ఉంటుంది. ఇంకో సైట్ చెస్ డాట్ కామ్‌లో ఎత్తుల జాబితా పక్కనే కనిపిస్తాయి. ఈమధ్య ఓడిన 30 ఆటలు తీసుకోండి, అన్నీ ఒకే టైమ్ కంట్రోల్‌వి. 3+0, 3+2, 1+0 కలిపితే లెక్క పాడైపోతుంది (మొదటి అంకె ఒక్కొక్కరికీ ఇచ్చే నిమిషాలు, రెండోది ఎత్తు వేసిన ప్రతిసారీ కలిసే సెకన్లు, అదే ఇంక్రిమెంట్). 40 ఎత్తుల ఆటలో 1+0 అయితే ఎత్తుకి సగటున సెకనున్నర, 3+0 అయితే నాలుగున్నర, 3+2 అయితే ఇంక్రిమెంట్‌తో కలిపి ఆరున్నర సెకన్లు. ఒక్క మనిషే ఈ మూడింట్లో మూడు రకాలుగా ఆడతాడు.

ప్రతి ఓటమికీ ఇవి రాసుకోండి: 10, 20, 30 ఎత్తుల దగ్గర ఇద్దరి క్లాక్‌లు, ఇంజిన్ లెక్క మొదటిసారి రెండు బంట్ల కంటే ఎక్కువ పడిపోయిన ఎత్తు, ఆ ఎత్తుకి పెట్టిన సెకన్లు, అప్పటికి మిగిలిన టైమ్, ఆట ఎలా ముగిసింది, అంటే చెక్‌మేటా, టైమ్ అయిపోయిందా, మీరే వదిలేశారా. మొదటి పతనాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకోండి. ఆ తర్వాత వచ్చే తప్పులు చాలావరకు చెడిన స్థితిలో పుట్టినవే, వాటి వెంట పడితే అసలు కారణం మరుగున పడుతుంది. ఆటకి రెండు మూడు నిమిషాల పని. విసుగు పుట్టించే పనే, కానీ దీనికి బదులుగా ఆడే ఇరవై ఆటలు ఇంత సమాచారం ఇవ్వవు.

ఆ పట్టికలో చాలామందికి పెద్ద కుప్పగా కనిపించేది ఇదే: క్లాక్‌లో నిమిషం పైన ఉంది, తప్పు ఎత్తు సెకనులోపే పడింది. చెయ్యి ముందు వెళ్ళింది, కన్ను వెనకబడింది. ముఖ్యంగా ఓపెనింగ్‌లో (ఆట మొదట్లో), రోజూ వేసే ఎత్తులు వేళ్ళకి అలవాటైపోయిన చోట ఇది జరుగుతుంది. బిషప్‌ని జి5కి తెచ్చి ఆ వెంటనే ఇ3 ఆడే అలవాటున్న వాళ్ళు ఈ వరస చూడాలి (అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస, పావు పేరు లేకపోతే అది బంటు ఎత్తు): 1.డి4 గుర్రం ఎఫ్6 2.బిషప్ జి5 సి6 3.ఇ3. వందసార్లు ఆడిన ఎత్తే, సహజంగానే ఉంది. నల్లవాళ్ళు 3...క్వీన్ ఎ5 అని చెక్ ఇస్తారు. డి2 ఖాళీగా ఉంది కాబట్టి ఎ5 నుంచి ఇ1 దాకా దారి తెరిచే ఉంది. అదే క్వీన్ ఐదో వరుసలో జి5 మీదున్న బిషప్‌నీ చూస్తోంది, ఆ బిషప్‌కి కాపలా లేదు. మూడు ఎత్తులకే ఒక పావు పోయింది. ఇది కేవలం బుల్లెట్ (నిమిషం ఆట) ఆడే కుర్రాళ్ళకి జరిగేది కాదు, 1984లో జార్జెవిచ్, కొవాచెవిచ్ మధ్య టోర్నమెంట్ ఆట సరిగ్గా ఈ మూడో ఎత్తుతోనే ముగిసింది. సి6 అనే చిన్న బంటు ఎత్తు క్వీన్‌కి దారి తెరిచిందని గమనించడానికి ఒక్క సెకను చాలు. ఆ సెకను పెట్టకపోవడమే తప్పు.

దీనికి చేయాల్సింది ప్రతి ఎత్తుకీ ఆగి ఆలోచించడం కాదు, అలా ఆడితే టైమ్ చాలదు. మూడు సందర్భాల్లో మాత్రం చెయ్యి ఆపాలి. అవతలి క్వీన్ కదిలినప్పుడు, అవతలి బంటు కదిలి ఒక దారి తెరుచుకున్నప్పుడు, మన పావు కాపలా లేని గడిలో నిలబడబోతున్నప్పుడు. అప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఇప్పుడు పడిన ఎత్తు కొత్తగా దేన్ని తాకుతోంది? ఇది ఒంటబట్టాలంటే రెండు వారాలు 3+2 మాత్రమే ఆడండి, ప్రీమూవ్ (అవతలివాళ్ళు ఆడకముందే మన ఎత్తు పెట్టేసుకోవడం) అసలు వాడకుండా. ఇంక్రిమెంట్ ఉంటే ఆ ఒక్క సెకను ఖర్చుపెట్టడానికి భయముండదు. తర్వాత 3+0కి తిరిగి వచ్చినా అలవాటు నిలుస్తుంది.

ఇక ప్రీమూవ్. దీని గురించి చాలా గందరగోళం ఉంది. లీచెస్‌లో ప్రీమూవ్‌కి టైమ్ ఏమీ పోదు, ఒకసారికి ఒకటే పెట్టగలం. చెస్ డాట్ కామ్‌లో ప్రతి ప్రీమూవ్‌కి పదో వంతు సెకను పోతుంది, కానీ వరసగా చాలా పెట్టుకోవచ్చు. అన్నిటికంటే క్షేమకరమైన ప్రీమూవ్ మన పావు నిలబడి ఉన్న గడికే పెట్టేది, అంటే అవతలివాళ్ళు కొడితే తిరిగి కొట్టడం. వాళ్ళు కొట్టకపోతే ఆ గడిలో మన పావే ఉంటుంది కాబట్టి ప్రీమూవ్ చెల్లదు, దానంతటదే రద్దవుతుంది. నష్టం లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది: తిరిగి కొట్టే పావు అప్పటికే వెనక వరుసనో, ఇంకో పావునో కాస్తుంటే అది కదలగానే అక్కడ తలుపు తెరుచుకుంటుంది.

ఖాళీ గడికి పెట్టే ప్రీమూవ్ అలా రద్దవదు, బోర్డు మీద ఎత్తుగా పడిపోతుంది. నల్లపావులతో ప్రతిసారీ జి6, బిషప్ జి7 అని ప్రీమూవ్ పెట్టేసేవాళ్ళు 1.బి3 జి6 2.బిషప్ బి2 బిషప్ జి7 దగ్గర దొరికిపోతారు. 3.బిషప్ కొట్టి జి7, తర్వాత హెచ్8లో రూక్ కూడా తప్పించుకోలేదు. తెల్లవాళ్ళకి ఇందులో రిస్కేమీ లేదు, బి2లో బిషప్ మామూలు ఎత్తే. 1.డి4 జి6 2.బిషప్ హెచ్6 మాత్రం పూర్తిగా పందెం. నల్లవాళ్ళు ప్రీమూవ్ పెట్టి ఉంటే బిషప్, రూక్ రెండూ పోతాయి, పెట్టకపోతే హెచ్6లో బిషప్‌ని ఊరికే కొట్టేస్తారు. మొదటి రకం నేర్చుకోదగింది. రెండోది నేర్చుకుని ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం, దానితో వచ్చే గెలుపులు ఆటని ఒక్క అంగుళం కూడా ముందుకి జరపవు.

రెండో కుప్ప దీనికి పూర్తి వ్యతిరేకం. ఒకే ఎత్తు మీద 20, 30 సెకన్లు కూర్చుని, చివరికి మొదట తోచిన ఎత్తే వేయడం. 3+0లో 20 సెకన్లంటే మొత్తం టైమ్‌లో తొమ్మిదో వంతు. ఇలాంటి ఆలోచనలు మూడయితే ఎండ్‌గేమ్‌కి (కొద్ది పావులే మిగిలిన చివరి భాగానికి) ఏమీ మిగలదు. ఈ ఆటల్లో బ్లండర్ 38వ ఎత్తులో కనిపిస్తుంది గానీ ఓటమి 16వ ఎత్తు దగ్గరే మొదలైంది.

ఆ లాంగ్ థింక్ ఎక్కడ పడిందో చూడండి. పదో ఎత్తులోపే పది సెకన్లు దాటి ఆలోచించిన స్థితులన్నీ ఒక చోట పేర్చండి. 30 ఆటల్లో అవి ముప్పై రకాలుగా ఉండవు, అవే ఐదారు స్థితులు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. ఒక్కోదానికి ఒక్క జవాబు నిర్ణయించుకుని, ఆ ఎత్తు ఎందుకో ఒక వాక్యంలో రాసి పెట్టుకోండి. ఓపెనింగ్ కోర్సు మొత్తం కొని మొదటి నుంచి బట్టీ పట్టడం కంటే ఇది చాలా తక్కువ శ్రమ, ఫలితం మరుసటి ఆటలోనే కనిపిస్తుంది. 3+0లో మొదటి పది ఎత్తులు 20 నుంచి 25 సెకన్లలో అయిపోవాలి, 30వ ఎత్తు దగ్గర కనీసం 45 సెకన్లు చేతిలో ఉండాలి. ఇది చట్టం కాదు, కానీ రెండూ తప్పుతున్నాయంటే ఎక్కడో సెకన్లు కారుతున్నట్టే.

మిడిల్‌గేమ్‌లో లాంగ్ థింక్ ఎక్కువగా రెండు సమానమైన ఎత్తుల మధ్య వస్తుంది. రూక్ డి1కా, ఇ1కా? కొట్లాట ఏమీ లేని స్థితిలో ఈ ప్రశ్నకి మూడు సెకన్లకి మించి ఇవ్వకూడదు, అన్నిటికంటే పనిలేని పావు ఏదో దాన్ని కదపండి. దాచుకున్న టైమ్ వెనక్కి తీసుకోలేని నిర్ణయాల మీద పెట్టాలి: బంట్ల రూపం మార్చే కొట్లాట, సాక్రిఫైస్ (కావాలని పావు ఇవ్వడం), అన్నిటికంటే ముఖ్యంగా పావులన్నీ మార్చేసి రాజూ బంట్ల ఎండ్‌గేమ్‌లోకి దిగడం. రూక్‌లు మార్చే ముందు 15 సెకన్లు కూర్చుని ఎవరి రాజు ఎన్ని అడుగుల్లో చేరుతుందో లెక్కపెట్టడం దుబారా కాదు. ఆ మార్పిడి అయ్యాక సరిదిద్దుకునే అవకాశం ఉండదు.

మేటి ఆటగాళ్ళ బ్లిట్జ్ చూసేటప్పుడు ఎత్తులతో పాటు క్లాక్ కూడా చూడండి. అమెరికా గ్రాండ్‌మాస్టర్ హికారు నకమురా 2018 నుంచి 2022 దాకా వరసగా ఐదుసార్లు చెస్ డాట్ కామ్ స్పీడ్ చెస్ చాంపియన్‌షిప్ గెలిచాడు. ఆయన ఆటలో గమనించాల్సింది చేతివేగం ఒక్కటే కాదు. తిరిగి కొట్టే ఎత్తులు, తెలిసిన ఎత్తులు తక్షణం పడతాయి, ఆట మలుపు తిరిగే ఒకటి రెండు చోట్ల హఠాత్తుగా ఆగుతాడు. క్లాక్ ఎప్పుడూ ఒకే వేగంతో తగ్గదు. మన ఆటల గ్రాఫ్‌లో గీతలన్నీ ఒకే పొడవున ఉంటే ముఖ్యమైన ఎత్తుకీ మామూలు ఎత్తుకీ తేడా తెలియకుండా ఆడుతున్నామన్నమాట.

మూడో కుప్ప గెలిచే ఆటలు టైమ్‌లో పోవడం. దీన్ని దురదృష్టం కింద రాసేసుకునేవాళ్ళు ఎక్కువ, నిజానికి అన్నిటికంటే తేలిగ్గా బాగయ్యేది ఇదే. క్వీన్, రాజుతో ఒంటరి రాజుకి ఏ స్థితి నుంచైనా గరిష్ఠంగా 10 ఎత్తుల్లో, రూక్‌తో 16 ఎత్తుల్లో మేట్ ఉంది. అంత కచ్చితంగా ఆడనక్కర్లేదు, ఆలోచించకుండా ఆడగలిగితే చాలు. క్వీన్‌తో అయితే అవతలి రాజుకి గుర్రం గెంతు దూరంలో క్వీన్‌ని నిలబెట్టి, ఆ రాజు ఎటు కదిలితే క్వీన్‌ని అటే కదుపుతూ అంచుకి తోసేయండి. రాజు మూలగడిలోకి వెళ్ళగానే ఈ పద్ధతి ఆపేయాలి. ఎ1లో రాజు ఉంటే క్వీన్ సి2లో గానీ బి3లో గానీ నిలబడిందంటే స్టేల్‌మేట్ (చెక్ లేకుండానే ఆడే ఎత్తు లేక డ్రా), అవి రెండూ సరిగ్గా గుర్రం గెంతు గడులే. రాజు అంచుకి రాగానే క్వీన్‌తో ఆ పక్క వరుసని మూసేసి, మిగతా టైమంతా మన రాజుని దగ్గరికి నడిపించాలి. ఈ మేట్‌ని కంప్యూటర్ మీద కస్టమ్ స్థితి పెట్టి 15 సెకన్ల క్లాక్‌తో, ఇంక్రిమెంట్ లేకుండా, వరసగా పదిసార్లు చేయగలిగేదాకా సాధన చేయండి. తర్వాత రూక్‌తో అర నిమిషంలో.

వీటి తర్వాత నేర్చుకోవాల్సింది రూక్ ఎండ్‌గేమ్‌లో ఫిలిడోర్ రక్షణ, బ్లిట్జ్‌లో తరచూ వస్తుంది. ఒక బంటు తక్కువున్నవాళ్ళు తమ రాజుని బంటు క్వీన్ కావాల్సిన గడి దగ్గర ఉంచి, రూక్‌ని తమ వైపు నుంచి మూడో వరుసలో పెట్టి అవతలి రాజుని ముందుకి రానివ్వకూడదు. బంటు ఆ వరుసలోకి అడుగుపెట్టగానే రూక్‌ని బోర్డు అవతలి చివరికి పంపి వెనక నుంచి చెక్‌లు ఇస్తూ పోవాలి. తెలిసినవాళ్ళకి దీనికి ఎత్తుకి అర సెకను చాలు, తెలియనివాళ్ళు నిమిషం ఉన్నా ఓడిపోతారు.

టైమ్ అయిపోయినంత మాత్రాన ప్రతిసారీ ఓటమి కాదు. అవతల రాజు ఒక్కటే మిగిలితే మన క్లాక్ సున్నా అయినా డ్రా. కాబట్టి మూడు సెకన్లే ఉండి గెలవడం సాధ్యం కాదని తేలితే, చేతిలో ఉన్న పావునైనా ఇచ్చి అవతలి చివరి బంటుని కొట్టేయండి. ఒంటరి గుర్రమో బిషప్పో మిగిలినప్పుడు రెండు సైట్ల నియమం ఒకటి కాదు: చెస్ డాట్ కామ్ దాన్ని డ్రాగా లెక్కిస్తుంది, లీచెస్‌లో మన బంట్లు, పావుల వల్ల మేట్ సిద్ధాంతపరంగా సాధ్యమైతే ఓటమే. ఎక్కడ ఆడుతున్నారో గుర్తుపెట్టుకోవాలి. ఇంకొకటి, లీచెస్‌లో ఒకే స్థితి మూడుసార్లు వస్తే డ్రా మనం అడగాలి, లేదంటే అది ఆటోమేటిక్‌గా జరిగేలా ప్రిఫరెన్సెస్‌లో పెట్టుకోవాలి. బుల్లెట్ ఆడేవాళ్ళు ఆ సెట్టింగ్‌నీ, బంటు చివరికి చేరగానే అడక్కుండా క్వీన్ అయ్యే సెట్టింగ్‌నీ ఆన్‌లో ఉంచుకోవడమే మంచిది.

ఇద్దరికీ పదేసి సెకన్లున్నప్పుడు ఆడే ఆట వేరే రకం. టైమ్ మీద గెలవడం మోసమనుకునేవాళ్ళున్నారు. క్లాక్ ఆటలో భాగమని ఒప్పుకునే ఇద్దరూ కూర్చున్నారు, ఇందులో మొహమాటపడాల్సింది లేదు. ఇక్కడ చెక్ చాలా విలువైన ఎత్తు: అవతలి రాజుకి చెక్ తగిలితే, దానికి జవాబు కాని ప్రీమూవ్‌లన్నీ రద్దయి, చెయ్యి ఆపి చూడాల్సి వస్తుంది. అందుకే చెక్‌లని ముందే ఖర్చుపెట్టేయకుండా చివరి సెకన్లకి దాచుకోవాలి. మన రాజు వైపు నుంచి చూస్తే, అవతలివాళ్ళకి బిషప్ ఒక్కటే ఉంటే దాని రంగు కాని గడుల్లోనే రాజుని తిప్పండి, చెక్ అన్న మాటే ఉండదు, ప్రీమూవ్‌లు భయం లేకుండా పెట్టుకోవచ్చు. ఇవన్నీ ఇంక్రిమెంట్ లేని ఆటకి. 3+2లో ప్రతి ఎత్తుకీ రెండు సెకన్లు వస్తుంటే ఎవరి టైమూ అంత తేలిగ్గా అయిపోదు, అక్కడ ఎండ్‌గేమ్ వచ్చినవాళ్ళే గెలుస్తారు.

బలాల సంగతి కూడా ఇలాగే తేలుతుంది. గెలిచిన 30 ఆటలకీ అదే పట్టిక వేయండి. అందులో సగానికి పైగా అవతలి టైమ్ అయిపోయి వచ్చినవైతే మీ బలం చేతివేగం, అది 3+2లోకి మీతో రాదు. ప్రపంచ బ్లిట్జ్ చాంపియన్‌షిప్ ఆడేది 3+2లోనే కాబట్టి బోర్డు మీద కూడా ఆడాలనుకునేవాళ్ళు ఈ తేడాని తేలిగ్గా తీసుకోకూడదు. చెడిపోయిన స్థితిలో నుంచి తరచూ బయటపడుతున్నట్టు కనిపిస్తే అది నిజమైన బలం, ఏ టైమ్ కంట్రోల్‌లోనైనా నిలుస్తుంది.

పజిల్స్ విషయంలో ఒక హెచ్చరిక. లీచెస్ పజిల్ స్టార్మ్‌లో 3 నిమిషాల క్లాక్, తప్పు వేస్తే 10 సెకన్ల కోత, కాంబో (వరసగా వేసిన సరైన ఎత్తుల లెక్క) కూడా తెగిపోతుంది. చెస్ డాట్ కామ్ పజిల్ రష్‌లో మూడు తప్పులకి కథ ముగుస్తుంది. రెండూ నమూనాలు గుర్తుపట్టే వేగాన్ని బాగా పెంచుతాయి, రోజుకి పదిహేను నిమిషాలు చాలు. కానీ పజిల్‌లో ఏదో ఉందని ముందే తెలుసు, ఆటలో ఎవరూ చెప్పరు. పైగా అక్కడ దాడి చేసేది ఎప్పుడూ మనమే. స్టార్మ్ స్కోరు పెరుగుతున్నా బ్లిట్జ్‌లో పావులు పోతూనే ఉంటే కారణం ఇది. అలాంటివాళ్ళు తమ ఓటముల్లో బ్లండర్‌కి ఒక ఎత్తు ముందు, అవతలివాళ్ళు ఎత్తు వేయగానే బోర్డు ఆపి, ఆ ఎత్తు ఏం బెదిరిస్తోందో మూడు సెకన్లలో చెప్పడం సాధన చేయాలి. 30 ఆటలంటే 30 పజిల్స్, అన్నీ సొంతవే.

రేటింగ్‌ని వారం వారం చూసి కుంగిపోవద్దు. రెండు సైట్లూ వాడేది గ్లికో అనే రేటింగ్ పద్ధతి కుటుంబానికి చెందిన లెక్కలే, సమాన ప్రత్యర్థితో ఒక్కో ఆటకి మామూలుగా ఐదు నుంచి పది పాయింట్లు అటూ ఇటూ అవుతాయి. సగం గెలిచి సగం ఓడే ఆటగాడికి 500 ఆటల్లో వరసగా ఏడు ఓటములు ఒకసారైనా రావడానికే అవకాశం ఎక్కువ, ఆటలో ఏ మార్పూ లేకపోయినా. అంటే 50 పాయింట్లు పడిపోవడం దానికదే ఏమీ చెప్పదు. అయినా వరసగా మూడు ఓడితే ఆపేయడం మంచిది, అది పాయింట్ల కోసం కాదు. ఓడిన కసితో వెంటనే మొదలెట్టిన ఆటల్లో మొదటి కుప్ప తప్పులు, సెకనులోపు బ్లండర్లు, ఎలా పెరుగుతాయో మీ పట్టికలోనే కనిపిస్తుంది.

నెల తర్వాత మళ్ళీ 30 ఓటములకి పట్టిక వేయండి. సెకనులోపు బ్లండర్లు తగ్గి టైమ్ ఓటములు పెరిగి ఉంటే బెంగపడక్కర్లేదు, ఆగి చూడటం అలవాటైంది, దాని ఖర్చు ఇంకా ఎక్కడా సర్దుబాటు కాలేదు. ఆ నెల ఓపెనింగ్‌లో ఆ ఐదారు స్థితుల మీద కూర్చుని పదో ఎత్తు దగ్గరి క్లాక్‌ని మరో పది సెకన్లు పైకి తీసుకురండి. టైమ్ ఓటములు అలాగే ఉండి 30వ ఎత్తు దగ్గర 45 సెకన్లు మిగులుతూనే ఉంటే ఓపెనింగ్‌ని ముట్టుకోకండి, రూక్ మేట్, ఫిలిడోర్ దగ్గరికి వెళ్ళండి.